ఉపేక్షకు హద్దులు: సూరతు వరదలు, ప్రవాహ సమీకరణములు

భౌతికశాస్త్రమున మూలసమీకరణములు క్లుప్తములు. వాని సాధన మాత్రము దుర్ఘటము. అందుచే శాస్త్రజ్ఞులు కొన్ని యంశములను ఉపేక్షించి సమీకరణమును తేలిక చేయుదురు. ఈ యుపేక్ష యెంతవరకు చెల్లునో సూరతు నగరమునందలి ఆల్థాన్ ప్రాంతమును నిదర్శనముగా గైకొని వివరించుట ఈ వ్యాసోద్దేశము.

ద్రవముల గమనమును నావియే 1822లోను, స్టోక్సు 1845లోను సమీకరణరూపమున నిబంధించిరి. న్యూటను రెండవ నియమమునకు పీడనమును, స్నిగ్ధతను చేర్చగా నేర్పడినవే యివి. ప్రవాహము తన వేగమును తానే మోసికొనిపోవును గనుక నిందు వేగము వేగముతోనే గుణింపబడును. రెండు సాధనలను కూడినచో మూడవది రాదు. వీనికి ఎల్లకాలము అవిచ్ఛిన్నముగ నిలుచు సాధన కలదా యను ప్రశ్నకు క్లే గణితసంస్థ 2000లో పది లక్షల డాలర్ల బహుమానము ప్రకటించినది. అది నేటికిని తేలలేదు.

నదుల విషయమున 1871లో సెయింట్ వెనాంట్ సులభమార్గమును చూపెను. నది లోతుకంటె పొడవు మిక్కిలి హెచ్చు. కావున నిలువు త్వరణమును విడువవచ్చును. అడ్డుకోత యందంతటను వేగ మొక్కటే యనుకొనవచ్చును. అప్పుడు రెండు సమీకరణములే మిగులును.

ఉకాయి ఆనకట్ట మొదలు సూరతు వరకు, సుమారు 100 కిలోమీటర్లు, తాపీనది గట్ల నడుమ నున్నంతకాలము ఈ పద్ధతి పొసగును. 2006 ఆగష్టులో ఆనకట్ట నుండి సెకనుకు సుమారు 9 లక్షల ఘనపుటడుగుల నీరు రాగా నగరమున నధికభాగము మునిగెను. గట్టు దాటిన నీటికి ఒకే దిశ యుండదు. ఆల్థాన్ సమతలభూమి, ప్రక్కన కాంకరా ఖాడీ కలదు. సముద్రపు పోటున ఖాడీల నీరు వెనుకకును తన్నవచ్చును. ఇట్టిచోట రెండు దిశల గణనము తప్పదు. మరమగ్గముల పనికై వచ్చిన తెలుగు పద్మశాలి కుటుంబములు పెక్కు నివసించు లింబాయత్ కూడ ఖాడీ వరదలకు గురియగునదే. ఏకదిశా గణనమున ఉపేక్షింపబడినది వారి గడపయే.

చిన్నయసూరి బాలవ్యాకరణమున సూత్రముతోపాటే నిత్యము, వైకల్పికము, బహుళము అని దాని వ్యాప్తిని తెలిపినాడు. మన విజ్ఞానగ్రంథములలోను ఈ మర్యాద పాటింపదగినది. ఒక యంశము 'స్వల్పము' అని వ్రాయునపుడు దేనితో పోల్చగా స్వల్పమో, ఎచ్చట నది స్వల్పము కాకపోవునో సమీకరణము ప్రక్కనే వ్రాయవలెను. పరిభాషాకర్తలు దీనిని పరిశీలింతురు గాక.