డాబాకు ఎంత గొట్టము కావలెను?
కువైట్ వాన నేర్పు పాఠము



కువైట్ ఎడారిదేశము. ఏడాది పొడుగునను అచ్చట కురియు వాన సగటున సుమారు 110 మిల్లీమీటర్లు మాత్రమే. కడప, గోదావరి జిల్లాలనుండి వేలకొలది మనవారు జీవనార్థమై అచ్చటికి పోయి పనిచేయుచున్నారు. అట్టి దేశమున డాబానీరు దిగు గొట్టమునుగూర్చిన చింత యేల యని మీరడుగవచ్చును. దానికి ఆ దేశచరిత్రమే ప్రత్యుత్తరము.

పూర్వము కువైట్ పట్టణమందలి ఇండ్లకు మన రాయలసీమయందువలెనే మట్టిమిద్దెలుండెడివి. మిద్దెనీరు 'మిర్జాము' అను దోనెగుండ వీధిలో పడుచుండెను. 1934వ సంవత్సరపు జోరువానకు అనేకములైన ఇండ్లు నేలమట్టమయ్యెను. ఆ యేటిని అచ్చటివారు నేటికిని 'హదామా', అనగా ఇండ్లు కూలిన యేడు, అని చెప్పుకొందురు. సిమెంటు మేడలు వెలసిన పిమ్మట సహితము, 2018 నవంబరు నెలలో వీధులు ఏరులై పారెను. విమానముల రాకపోకలు నిలిచిపోయెను.

దీనివలన మనము నేర్చుకొనవలసినదేమనగా, గొట్టమును ఏడాదివానకు గాక గడియవానకు కొలువవలెను. మన లైనులలో బడికిగాని ప్రార్థనామందిరమునకుగాని డాబా ఉన్నయెడల ఈ మాట మనకును చెల్లును.

పాత గొట్టము చెడినప్పుడు పలువురు దాని కొలతనే తెచ్చెదరు. కొందరు దానిలో ఇముడునట్టి సన్నగొట్టమును దూర్చెదరు. ఇది తప్పు. మూడంగుళముల గొట్టములో రెండంగుళములది దూర్చినచో నీటిదారి సగముకంటెను తక్కువగును. కొలత చూచునప్పుడు లోపలి వెడల్పునే చూడవలెను.

మొదట డాబా వైశాల్యమును కొలువుడి. దానిమీదికి నీరు జార్చు మేడగది కప్పుండినయెడల దానిని గూడ కలుపుడి. భారతదేశపు జాతీయ భవన నిర్మాణ నియమావళి పట్టిక ప్రకారము, గంటకు 100 మిల్లీమీటర్ల చొప్పున కురియు వానలో 50 మిల్లీమీటర్ల గొట్టము 6.6 చదరపు మీటర్ల కప్పునకును, 75 మిల్లీమీటర్లది 20.4 చదరపు మీటర్లకును, 100 మిల్లీమీటర్లది 42.7 చదరపు మీటర్లకును చాలును. మూడంగుళములనుండి నాలుగంగుళములకు పెంచినంతమాత్రమున పని రెట్టింపగుట గమనింపుడి.

డాబా పొడవు 10 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు అనుకొందము. వైశాల్యము 80 చదరపు మీటర్లు. దీనికి నాలుగంగుళముల గొట్టములు రెండు, లేదా మూడంగుళములవి నాలుగు కావలెను. గొట్టము చాలక అంతటను 10 సెంటీమీటర్ల నీరు నిలిచెనేని, కప్పుమీది బరువు 8,000 కిలోలు! ఆ కప్పుక్రింద మన పిల్లలు చదువుకొనుచుందురు.

మఱి నాలుగు జాగ్రత్తలు కలవు. పైనుండి క్రిందివరకు గొట్టము ఎచ్చటను సన్నగిల్లరాదు. తూముమీద బల్లపరుపు జల్లెడకంటె బోర్లించిన గిన్నెవంటి జల్లెడ మేలు. ఆకులు చుట్టును చేరినను పైరంధ్రములగుండ నీరు దిగును. కువైట్‌లో నెలలతరబడి చేరిన యిసుక మొదటి వానకే తూమునొద్దకు కొట్టుకొనివచ్చును. కావున వానకాలమునకు ముందే ఊడ్పించుట అవశ్యము. కడపటిది, పిట్టగోడలో తూముకంటె రెండంగుళముల యెత్తున ఒక రంధ్రము విడువవలెను. దానిగుండ నీరు కారినచో, తూము పూడినదని ఇంటివారికి వెంటనే తెలియును.

క్రొత్త యింటి కప్పునకు పిట్టగోడ కట్టవలెనని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము విధించుచున్నది. మనుష్యుడు పైనుండి పడి చావకుండుటకే ఆ యాజ్ఞ. అయితే ఆ గోడయే నీటిని కూడ నిలుపును. కాబట్టి గోడ కట్టినవాడు నీటికి చాలినంత దారియు విడువవలెను. పైనున్నవానియందును క్రిందనున్నవానియందును మనకుండవలసిన ప్రేమ ఒక్కటియే గదా!