నికోలా జోలీ

నికోలా జోలీ (జననం: 1945) ఫ్రాన్సు దేశానికి చెందిన వైన్ తయారీదారు, రచయిత. బ్యాంకు ఉద్యోగం వదలి ద్రాక్షసాగు చేపట్టిన ఈయన, బయోడైనమిక్ సాగును వైన్ రంగంలో ప్రచారం చేసినవారిలో ముఖ్యుడు.

వృత్తి మార్పు

జోలీ అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో వ్యాపార నిర్వహణ చదివి, న్యూయార్కు, లండను నగరాలలో బ్యాంకు ఉద్యోగం చేసాడు. 1977లో దానిని వదలి, లువార్ నది తీరాన సావెన్యేర్ వద్ద ఉన్న కుటుంబపు ద్రాక్షతోటకు తిరిగి వచ్చాడు. ఇందులో కూలే ద సెరాన్ అనే సుమారు 7 హెక్టార్ల వాలు నేల ప్రసిద్ధమైనది. ఇక్కడ 12వ శతాబ్దంలో సిస్టర్షియన్ సన్యాసులు ద్రాక్ష నాటారు.

సాగు పద్ధతి

ఖర్చు తగ్గుతుందన్న సలహాపై జోలీ మొదట కలుపుమందులు వాడాడు. రెండేళ్ళలోనే నేల రంగు మారిందనీ, పురుగులు, కౌజు పిట్టలు కనుమరుగయ్యాయనీ గ్రహించాడు. తరువాత రుడాల్ఫ్ స్టైనర్ 1924లో ప్రతిపాదించిన బయోడైనమిక్ సాగువైపు మళ్ళి, 1984 నుండి తోట మొత్తానికి దానిని వర్తింపజేసాడు. ఈ పద్ధతిలో ఆవు కొమ్ములో పేడ నింపి శీతాకాలమంతా భూమిలో పాతిపెట్టి, తరువాత నీటిలో కలిపి పొలంపై చల్లుతారు. రసాన్ని పులియబెట్టడానికి బయటి ఈస్టు కలపకుండా, పండ్లతో వచ్చిన సహజ ఈస్టుపైనే ఆధారపడతారు.

అభిప్రాయాలు, విమర్శ

వైన్‌కు ఊరిపేరు పెట్టినప్పుడు అందులో ఆ ఊరి నేల రుచి ఉండాలనీ, నేలలోని జీవం నశిస్తే ఆ పేరుకు అర్థం లేదనీ జోలీ వాదన. గ్రహగతుల ప్రభావం వంటి బయోడైనమిక్ నమ్మకాలకు శాస్త్రీయ ఆధారం లేదని విమర్శకులు అంటారు. అయితే రసాయనాలు మానడం, సేంద్రియ ఎరువు వేయడం వంటివి సాధారణ సేంద్రియ సాగులోనూ ఉన్నవే.