ఎవరు చెప్పినా వినే యంత్రం

గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో వచ్చిన 111 జీవో వల్ల మొయినాబాద్ వైపు పెద్ద పరిశ్రమలు రాలేదు. ఇంజనీరింగ్ కాలేజీలు మాత్రం వరసగా వెలిశాయి. చేవెళ్ల నుంచి షాబాద్ వైపు మళ్లితే చందనవెల్లి పారిశ్రామికవాడ వస్తుంది. వెల్‌స్పన్ ఫ్లోరింగ్ ఫ్యాక్టరీ, అమెజాన్ డేటా సెంటర్ అక్కడివే. ఇలాంటి చోట్ల ప్యానెల్ బోర్డు తలుపు తీస్తే అరచేతి కన్నా కొంచెం పెద్ద పెట్టె ఒకటి కనిపిస్తుంది. దాని పేరు పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్). ఏ మోటారు ఎప్పుడు తిరగాలో, ఏ వాల్వు ఎప్పుడు మూసుకోవాలో నిర్ణయించేది అదే.

దాని పుట్టుక అమెరికాలో. కార్ల గేర్‌బాక్సులు తయారుచేసే జనరల్ మోటార్స్ విభాగంలో మోడల్ మారినప్పుడల్లా వందలాది రిలే స్విచ్‌లను పీకి, వైరింగ్ అంతా మళ్లీ చేయాల్సి వచ్చేది. 1968 జనవరి 1న డిక్ మోర్లీ అనే ఇంజనీరు దీనికి ఒక ఉపాయం కాగితం మీద పెట్టాడు: వైర్లు మార్చకుండా, ప్రోగ్రాం మారిస్తే సరిపోవాలి. ఆయన కంపెనీకి అది 84వ ప్రాజెక్టు కాబట్టి యంత్రానికి 084 అని పేరు పెట్టారు. దుమ్ము, వేడి, అదురు అన్నీ తట్టుకునేలా, ఎలక్ట్రీషియన్‌కు అలవాటైన రిలే బొమ్మల్లోనే ప్రోగ్రాం రాసుకునేలా దాన్ని తయారుచేశారు. పనివాడి చేతిని దృష్టిలో పెట్టుకున్న ఆ డిజైన్ మీద నాకు ఎంతో గౌరవం.

1979లో ఈ పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి మోడ్‌బస్ అనే భాష వచ్చింది. మోడ్‌బస్ సందేశంలో ఏ యంత్రానికి, ఏ పని, ఏ విలువ అన్నవి ఉంటాయి. పని సంఖ్య 5 అంటే ఒక స్విచ్‌ను ఆన్ గానీ ఆఫ్ గానీ చేయమని. అడిగేది ఎవరు అన్నదానికి అందులో చోటే లేదు. అప్పట్లో ఈ సందేశాలు వెళ్లే తీగ ఫ్యాక్టరీ గోడ దాటేది కాదు కనుక అవసరమూ రాలేదు. తర్వాత అదే భాష ఇంటర్నెట్ కేబుల్ ఎక్కింది. పాస్‌వర్డ్ లేని ఆ అలవాటు కూడా వెంట వచ్చింది.

2010లో స్టక్స్‌నెట్ బయటపడింది. పెన్‌డ్రైవ్‌ల ద్వారా కూడా పాకే ఈ వైరస్ ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రంలో సీమెన్స్ పీఎల్‌సీల ప్రోగ్రాం మార్చి, సెంట్రిఫ్యూజుల వేగాన్ని తారుమారు చేసింది. ఆపరేటర్లకు మాత్రం ముందే రికార్డు చేసిన మామూలు అంకెలు చూపించింది. 2017లో సౌదీలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో ప్రమాదం వస్తే అన్నిటినీ ఆపాల్సిన భద్రతా కంట్రోలర్‌నే ట్రైటన్ అనే మాల్‌వేర్ పట్టుకుంది. దాడి కోడ్‌లో తప్పు దొర్లి ప్లాంటు తనంతట తాను ఆగిపోవడంతో సంగతి బయటపడింది. ఆ కంట్రోలర్‌కు 'రన్', 'ప్రోగ్రాం' స్థానాలున్న తాళం ఉంది. దాన్ని 'ప్రోగ్రాం' దగ్గరే వదిలేశారు.

సైబర్ దాడుల ముప్పు మన దగ్గరకూ వచ్చింది. స్పుత్నిక్ వ్యాక్సిన్ పరీక్షలకు అనుమతి దొరికిన కొద్ది రోజులకే, 2020 అక్టోబర్ 22న, డాక్టర్ రెడ్డీస్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. కంపెనీ తన డేటా సెంటర్ సేవలన్నిటినీ వేరుచేయాల్సి వచ్చింది. మందుల తయారీలో ప్రతి బ్యాచ్‌కూ రికార్డు ఉండాలి. అందుకే పీఎల్‌సీ క్షేమంగా ఉన్నా ఆఫీసు కంప్యూటర్ పడిపోతే లైను ఆగే ముప్పుంది. 2021 మార్చిలో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ హెచ్చరికతో తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కో అనుమానాస్పద చిరునామాలను అడ్డుకుని, పాస్‌వర్డ్‌లు మార్చాయి.

2018లో మోడ్‌బస్‌కు గుర్తింపు అడిగే భద్రమైన రూపం వచ్చింది. కానీ పీఎల్‌సీ ఇరవై ఏళ్లు పనిచేస్తుంది, లైను ఆపి దాన్ని మార్చడానికి ఏ యజమానీ తొందరపడడు. కాబట్టి కాపలా దాని చుట్టూ పెట్టాలి. ఆఫీసు నెట్‌వర్క్‌కూ యంత్రాల నెట్‌వర్క్‌కూ మధ్య ఫైర్‌వాల్ ఉండాలి. దూరం నుంచి రిపేరు చేసే కంపెనీకి అవసరమైన గంటసేపే దారి తెరవాలి. ప్రోగ్రాం కాపీని ఏ నెట్‌వర్క్‌కూ తగలని చోట దాచాలి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొనేది వీటి తర్వాతే. ఫోనుతో నీళ్లు, ఎరువు వదిలే పాలీహౌస్ రైతు కూడా కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చుకోవాలి.

మొయినాబాద్ కాలేజీల అధ్యాపకులకు నా మనవి: పీఎల్‌సీ ల్యాబ్‌లో బల్బు వెలిగించడం నేర్పిన రోజే, ఎవరో బయటివాడు దాన్ని ఎలా ఆర్పగలడో కూడా చేసి చూపించండి. చందనవెల్లి మెయింటెనెన్స్ సిబ్బందికి ఇంకొకటి: మీ పీఎల్‌సీకి తాళం ఉంటే, అది ఏ స్థానంలో ఉందో ఈ షిఫ్టులోనే చూడండి.