చెరగని బొట్టు... తెర మీదికి!

ఒకప్పుడు గుత్తిగా కట్టిన సూదులు, కాస్త మసి, ఆకుపసరు... ఇంతే సరంజామా. ఇప్పుడో? చేతిలో ట్యాబ్, డిజిటల్ పెన్ను. బొమ్మ ఒంటి మీదే... కానీ ఆ ఒళ్లు మాత్రం తెర మీద! సూది గుచ్చే పనిలేదు, నొప్పి అసలే లేదు. మరి ఈ కొత్త పచ్చబొట్లలో మన అమ్మమ్మల బొమ్మలకూ చోటుందా?

శ్రీశైలం వెళ్లే భక్తులకు పెద్దదోర్నాల కొత్తేం కాదు. మార్కాపురం, వినుకొండ, ఆత్మకూరు వైపుల నుంచి వచ్చే దారులు అక్కడే కలిసి నల్లమల కొండెక్కుతాయి. చుట్టూ చెంచుగూడేలు. సోది చెబుతూ, పచ్చబొట్లు పొడుస్తూ ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగిన రోజులు తెలుగునాట పెద్దవాళ్లకు ఇప్పటికీ గుర్తే. చుక్కలు, తేలు, ముగ్గు, పెనిమిటి పేరు... అడిగింది చేతిమీద దిగేది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా తెచ్చిన దక్షిణ భారత కులాలు, తెగల గ్రంథంలోనూ కొరవ స్త్రీల ఈ వృత్తి గురించి ఉంది.

నలుపు పచ్చనెలా అయింది?
పొడిచేది నల్లటి మసి. అది పై చర్మం దాటి లోపొరలో నిలుస్తుంది. మనం దాన్ని చర్మం చాటు నుంచి చూస్తాం కాబట్టే పచ్చగా, నీలంగా కనిపిస్తుంది. ఆ రంగును పట్టి ఉంచేది రోగనిరోధక కణాలు. ఒక కణం చనిపోతే అది వదిలిన రంగును మరో కణం అందుకుంటుందని 2018లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద పరిశోధించి తేల్చారు. చెరగని బొట్టు రహస్యం అదే!

డిజిటల్ చిత్రకారులదీ ఇదే ఉపాయం. ఒంటిని ఒక పొరలో, పచ్చబొట్టును మరో పొరలో గీస్తారు. కిందున్న చర్మం ఛాయ పైకి కనిపించేలా రెండిటినీ కలుపుతారు. భుజం వంపును బట్టి గీతనూ వంచుతారు. నచ్చకపోతే ఆ పొర ఒక్కటీ తీసేస్తే సరి.

అడిగి గీయాలి
'బాహుబలి: ది బిగినింగ్' (2015)లో అవంతికకు తెలియకుండా శివుడు ఆమె చేతిమీద బొమ్మ వేయడం కొందరికి ముచ్చటగా అనిపిస్తే, మరికొందరు 'ఆమె ఇష్టం అక్కర్లేదా?' అని నిలదీశారు. తెర మీది బొమ్మకూ అదే ప్రశ్న. అడవిబిడ్డల ఫొటో తీసి, ఆ గీతలు తీసుకుని, పేరైనా చెప్పకుండా అమ్ముకుంటే అది కళ ఎలా అవుతుంది?

అలాగని వదిలేస్తే అసలుకే మోసం. గుడిగోడ మీది శిల్పం వందల ఏళ్లుంటుంది. పచ్చబొట్టు మాత్రం మనిషితోనే వెళ్లిపోతుంది. కాబట్టి మీ ఇంట్లో నాయనమ్మ చేతిమీద బొట్టుంటే ఆమెను అడిగి ఫొటో తీయండి. ఏ ఊళ్లో, ఏ వయసులో, ఎవరు పొడిచారు, ఆ బొమ్మనేమంటారు... అన్నీ రాసి పెట్టండి. మనవరాలు దాన్ని ట్యాబ్‌లో గీస్తుందో, ఆల్బమ్‌లో దాస్తుందో... ఆమె ఇష్టం. ముందు ఆ కబురు నాయనమ్మ నోట వినాలి కదా!