‘మా ఊళ్లో ఏముంది?’ అనకండి... చూపించండి!

బీటెక్ చివరి ఏడాది. బెంగళూరు నుంచి స్నేహితులు ఫోన్ చేశారు. ‘వీకెండ్‌కి మీవైపు వస్తున్నాం. చూడ్డానికి ఏమున్నాయిరా?’ అని. మాది నెల్లూరు జిల్లా సంగం. ఏం చెప్పాలో తెలీక, నలుగురినీ నేలపట్టు పక్షుల కేంద్రానికి తీసుకెళ్లా. అది జూన్. చెట్లన్నీ బోసిగా ఉన్నాయి, ఒక్క గూడబాతు లేదు.

మర్నాడు బీచ్‌కి వెళ్లాం. అలలు తక్కువగా ఉన్నచోటు చూసి నేనే ‘ఇక్కడ దిగండి’ అన్నా. నిమిషాల్లో ఒకడు లోపలికి కొట్టుకుపోసాగాడు. వల బాగు చేసుకుంటున్న పెద్దాయన పరుగెత్తుకొచ్చి తాడు విసిరి లాగబట్టి బతికాడు. ‘అల విరగని చోటే సముద్రం లోపలికి లాగేది బాబూ!’ అన్నాడాయన. దాన్నే రిప్ కరెంట్ అంటారని ఆ రాత్రి నెట్‌లో చదివాక తెలిసింది.

సీజన్ తెలీదు, నీళ్లు తెలీదు. ఆ రెండూ తెలిసిన మనిషే మన తీరానికి కావాలి. ఉద్యోగం వెతుక్కుంటున్న మీరు ఆ మనిషి కావచ్చేమో ఆలోచించండి.

ఎప్పుడు, ఎక్కడికి?

ముందు సొంతూరి నుంచే మొదలుపెడదాం. సంగం దగ్గర పెన్నపై కట్టిన కొత్త బ్యారేజీ 2022 సెప్టెంబరులో ప్రారంభమైంది. నంది కొండల్లో పుట్టిన పెన్న గండికోట లోయ దాటి ఇక్కడికొచ్చి, నెల్లూరు మీదుగా ఊటుకూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఈ కథ చెప్పగలిగితే బ్యారేజీ మీద సాయంత్రం నడక కూడా టూరే.

పక్షుల కోసమైతే అక్టోబరు నుంచి మార్చి వరకు రమ్మనండి. నేలపట్టులో గూడబాతులు, నత్తగుల్ల కొంగలు చెరువులోని చెట్లపై గూళ్లు కడతాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని అక్కడి రైతులు వాటిని కాపాడుకుంటారు. పులికాట్ మన దేశంలో చిలికా తర్వాత అతిపెద్ద ఉప్పునీటి సరస్సు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు దాని మధ్యలోంచే పోతుంది. సీజన్‌లో ఫ్లెమింగోలు రోడ్డు మీద నుంచే కనిపిస్తాయి. చెన్నై లోకల్ రైళ్లు సూళ్లూరుపేట దాకా వస్తాయి కాబట్టి అటు నుంచి సందర్శకులకు ఇబ్బంది లేదు. 2022 విభజనలో సూళ్లూరుపేట, నేలపట్టు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. సమాచారం వెతికేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

షార్‌లో రాకెట్ ప్రయోగాలు చూసే గ్యాలరీ 2019లో మొదలైంది. ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. ప్రయోగం వాయిదా పడొచ్చు. అందుకే పులికాట్‌ను ప్లాన్-బిగా ఉంచుకోండి. నెల్లూరుకు పాతిక కిలోమీటర్ల దూరంలోని మైపాడు బీచ్ మరో మజిలీ.

ఏం నేర్చుకోవాలి?

టూరిజంలో డిగ్రీ కావాలంటే దూరం పోనక్కర్లేదు. కేంద్ర పర్యాటక శాఖకు చెందిన ఐఐటీటీఎం క్యాంపస్ నెల్లూరులోనే ఉంది. బీబీఏ, ఎంబీఏ కోర్సులున్నాయి. అదే సంస్థకు చెందిన గోవాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్‌లో లైఫ్ సేవింగ్, పవర్ బోట్ నడపడం వంటి స్వల్పకాలిక శిక్షణలు ఇస్తారు.

ఫోన్‌తో ఈ వారమే మొదలుపెట్టగలిగేవీ ఉన్నాయి. మెర్లిన్ యాప్‌తో పక్షుల్ని గుర్తుపట్టడం నేర్చుకోండి. చూసినవన్నీ తేదీ, చోటుతో సహా ఈబర్డ్‌లో నమోదు చేయండి. ఒక సీజన్ రికార్డు చేతిలో ఉంటే ‘జనవరిలో ఏం కనిపిస్తాయి?’ అనే ప్రశ్నకు తడుముకోకుండా జవాబిస్తారు. బీచ్‌కి బయల్దేరే ముందు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే అలల హెచ్చరికలు చూడండి.

రిప్ కరెంట్‌లో చిక్కితే ఒడ్డువైపు ఎదురీదొద్దు. కంగారుపడకుండా తేలుతూ, తీరానికి సమాంతరంగా ఈది ఆ ప్రవాహం నుంచి బయటపడాలి. ఒడ్డునున్నవాళ్లు వెంటనే నీళ్లలోకి దూకకుండా తాడో, తేలే వస్తువో విసరాలి. ఇది మీ టూర్‌లో మొదటి ఐదు నిమిషాల్లో చెప్పాల్సిన మాట.

మరో మాట. శాంక్చురీల్లో, షార్ పరిసరాల్లో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయకండి. ఫొటో కోసం పక్షుల్ని లేపకండి.

జీతం సంగతి?

ఉన్నదున్నట్టు చెబుతా. ఇది క్యాంపస్ ప్లేస్‌మెంట్ కాదు. పని ఐదారు నెలలే ఉంటుంది, ఆదాయం నెలనెలా రాదు. కాబట్టి నోటిఫికేషన్లకు ప్రిపరేషన్ మానకండి, అప్పు చేసి పడవలు కొనకండి. ముందు ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్లను ఉచితంగా తిప్పండి. ఎక్కడ తడబడ్డారో రాసుకోండి. తర్వాతే రుసుము సంగతి. ఆటో డ్రైవరు, భోజనం పెట్టే ఇల్లు, తీరం తెలిసిన జాలరి... వీళ్ల వాటా ముందే మాట్లాడుకోండి.

తీరా ఇది మీ వృత్తి కాకపోయినా నష్టం లేదు. ‘ఖాళీగా ఉన్నప్పుడు ఏం చేశారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే చూపించడానికి మీ చేతిలో రికార్డు ఉంటుంది.

ఆ స్నేహితులు మళ్లీ ఓ జనవరిలో వచ్చారు. నేలపట్టులో చెట్టు చెట్టుకీ గూళ్లే. బీచ్‌లో మాత్రం ఆ పెద్దాయనను అడిగాకే కాలు తడిపాం.