ఉతుకు యంత్రమునకు ఎంత నీరు కావలెను?

ఏటేటా వేసవిలో మా ఇంట ఒకే మాట వినబడును: "పొడి ఎంత వేసినా నురుగు రావట్లేదు. తువ్వాళ్ళు అట్టల్లా బిగుసుకుపోతున్నాయి." యంత్రము అదే, పొడి అదే, నొక్కు మీటలు అవే. మారినది నీరు.

శేరిలింగంపల్లి, కొండాపూరు, గచ్చిబౌలి ప్రాంతములలో అనేక అపార్టుమెంట్లకు నదీజలముతోబాటు బోరు నీరు, ట్యాంకరు నీరు కూడ వచ్చుచుండును. 2024 వేసవిలో బోర్లు ఎండి, ట్యాంకర్ల కొరకు ఎదురుచూచిన దినములు ఇక్కడివారికి జ్ఞాపకమే. ఈ నేల క్రింద ఉన్నది గ్రానైటు శిల. దాని పగుళ్ళలో చిరకాలము నిలిచిన నీటిలో కాల్షియము, మెగ్నీషియము లవణములు కరగియుండును. అట్టి నీటినే కఠిన జలమందురు. త్రాగునీటికి లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యము మించరాదనియు, వేరు నీరు దొరకనిచోట 600 వరకు అంగీకరింపవచ్చుననియు భారత ప్రమాణము చెప్పుచున్నది.

కఠిన జలములో సబ్బు మొదట మురికిని పట్టదు, కాల్షియమును పట్టును. రెండును కలిసి నీట కరగని తెట్టుగా మారి బట్టకు అంటుకొనును. కాల్షియము తీరిన పిమ్మటనే నురుగు వచ్చును.

ఒక లెక్క చూతము. లీటరుకు 400 మిల్లీగ్రాముల కాఠిన్యము గల నీటిని 50 లీటర్లు నింపితిమనుకొనుడు. అందు 20 గ్రాముల కాఠిన్యము చేరును. దానిని తీర్చుటకే సుమారు 120 గ్రాముల సబ్బు కావలెను! 30 లీటర్లు చాలినచోట 50 లీటర్లు నింపినచో, పోవునది 20 లీటర్ల నీరు మాత్రమే కాదు. సుమారు 50 గ్రాముల సబ్బు కూడ. యంత్రములలో వాడు పొడులు సబ్బువలె అంతగా విరిగిపోవు. అయినను వాటి బలము కూడ కాల్షియము వలన తగ్గును. కనుకనే వాటిలో చాకలి సోడా, జియోలైటు వంటివి కలుపుదురు.

అట్లని నీరు మరీ తగ్గింపరాదు. బట్టలు కదలనిచో మురికి వదలదు. వదలినది తిరిగి అంటును. పైనుండి బట్టలు వేయు యంత్రములో బట్టలు తేలి సులభముగా తిరుగునంత నీరు చాలును. తువ్వాళ్ళు, దుప్పట్లు, జీన్సు నీటిని బాగుగా పీల్చును గనుక వీటికి ఒక మెట్టు పైకి; పాలియెస్టరు చీరలకు ఒక మెట్టు క్రిందికి. ముందు తలుపు గల యంత్రములు అనేకము బట్టల బరువును బట్టి నీటిని తామే తీసికొనును. అక్కడ మన పని, డ్రమ్ము పైభాగమున జానెడు ఖాళీ ఉంచుటయే.

వేడి నీరు నూనె మురికికి, దుప్పట్లకు, తువ్వాళ్ళకు మంచిది. కాని కఠిన జలమును కాచినచో సున్నపు పొర హీటరును కప్పును. పట్టు, ఉన్ని బట్టలకు చల్లనీరే తగును. నెత్తురు, పాల మరకలను మొదట చల్లనీటిలోనే నానవేయవలెను; వేడి తగిలినచో అందలి మాంసకృత్తులు గడ్డకట్టి నూలును పట్టుకొనును.

మీ కుళాయి నీరు ఎట్టిదో ఇంటనే తెలిసికొనవచ్చును. ఒక సీసాలో ఆ నీటిని, మరొక సీసాలో వాన నీటిని సగము వరకు పోసి, రెంటిలోను సమానముగా సబ్బు తురుము వేసి కుదుపుడు. కుళాయి నీటిలో నురుగు నిలువక తెట్టు కట్టినచో, ఆ వారము పొడి కొంచెము హెచ్చించుడు. కొద్ది బట్టలకు యంత్రమును నడుపకుడు. కడపటి జాడింపు నీటిని పట్టి ఇల్లు తుడుచుటకు వాడుడు. ట్యాంకరు మారినపుడెల్ల ఈ పరీక్ష మరల చేయుడు. జూలై నెలలో కుదిరిన కొలత ఏప్రిల్ నెలలో కుదరకపోవచ్చును.