బహుళ బూటింగు సమస్యలు

ఒకే కంప్యూటరులో రెండు లేదా అంతకంటే ఎక్కువ ఆపరేటింగు సిస్టములను స్థాపించి, కంప్యూటరును ప్రారంభించినప్పుడల్లా కావలసినదానిని ఎంచుకొనే ఏర్పాటును బహుళ బూటింగు అంటారు. విండోస్ ఉన్న కంప్యూటరులో లినక్సును కూడా స్థాపించుకోవడం ఇందుకు సర్వసాధారణమైన ఉదాహరణ. కొత్త సిస్టమును స్థాపించిన తరువాత పాతది ప్రారంభం కాకపోవడం ఇందులో తరచుగా ఎదురయ్యే చిక్కు. ఇటువంటి సందర్భాలలో చాలావరకు డిస్కులోని ఫైళ్ళు చెక్కుచెదరవు. వాటికి దారి చూపే బూటు సమాచారం మాత్రమే చెరిగిపోతుంది. కనుక కారణం తెలుసుకోకుండా డిస్కును ఫార్మాట్ చేయడం తగదు.

బూటింగు జరిగే విధానం

పాత పద్ధతిలో, విద్యుత్తు అందగానే మదర్‌బోర్డులోని బయోస్ మేల్కొని డిస్కులోని మొట్టమొదటి సెక్టారును చదువుతుంది. దీనికి మాస్టర్ బూట్ రికార్డు (ఎంబీఆర్) అని పేరు. దీని పరిమాణం 512 బైట్లు. అందులో 446 బైట్లు బూటు ప్రోగ్రాముకు, 64 బైట్లు విభాగాల పట్టికకు, చివరి 2 బైట్లు గుర్తింపు సంకేతానికి కేటాయించబడ్డాయి. ఒక్కొక్క విభాగం వివరాలకు 16 బైట్లు కావాలి కనుక 4 ప్రాథమిక విభాగాలకు మాత్రమే చోటుంటుంది.

పాత పద్ధతిలోని సమస్యలు

డిస్కుకు ఎంబీఆర్ ఒక్కటే. విండోస్ స్థాపన సమయంలో అక్కడ తన ప్రోగ్రామును వ్రాసుకొని, అంతకుముందున్న లినక్సు బూట్ లోడరు గ్రబ్‌ను చెరిపివేస్తుంది. అందువలననే ముందు విండోస్, తరువాత లినక్సు స్థాపించాలనే నియమం ఏర్పడింది. విండోస్ సంచికల మధ్య కూడా ఈ చిక్కు ఉంది. 2001లో విడుదలైన ఎక్స్‌పీకి 2007 నాటి విస్టా బూటు పద్ధతి తెలియదు. విస్టా తరువాత ఎక్స్‌పీని స్థాపిస్తే విస్టా ప్రారంభం కాదు.

దీనికి భిన్నమైన సమస్య మరొకటి ఉంది. లినక్సు వద్దనుకొని దాని విభాగాన్ని తొలగిస్తే, గ్రబ్ ఫైళ్ళు కూడా దానితోపాటే పోతాయి. ఎంబీఆర్‌లో మిగిలిన గ్రబ్ తొలిభాగం ఆ ఫైళ్ళకోసం వెదకి ఆగిపోతుంది. ఫలితంగా చెక్కుచెదరని విండోస్ కూడా ప్రారంభం కాదు.

యూఈఎఫ్ఐ పద్ధతి

బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐ పద్ధతిలో బూటు ఫైళ్ళకు ఒక ప్రత్యేక విభాగం ఉంటుంది. అందులో ఒక్కొక్క సిస్టముకు వేరువేరు ఫోల్డరు ఉండుటచే ఒకదానినొకటి చెరిపివేసే ప్రమాదం తగ్గింది. అయితే బూటు వరుస మదర్‌బోర్డులో భద్రపరచబడుతుంది. అది మారితే గ్రబ్ పట్టిక కనిపించదు. యూఈఎఫ్ఐ సెట్టింగులలో వరుసను సరిచేస్తే సరిపోతుంది. ఒక సిస్టమును పాత పద్ధతిలో, మరొకదానిని యూఈఎఫ్ఐలో స్థాపిస్తే గ్రబ్ పట్టిక నుండి రెండవదానిని ప్రారంభించడం సాధారణంగా సాధ్యపడదు.

2012లో విండోస్ 8తో వ్యాప్తిలోకి వచ్చిన సెక్యూర్ బూట్, నమ్మదగిన సంతకం లేని బూట్ లోడరును అడ్డుకుంటుంది. 2024 ఆగస్టులో విడుదలైన ఒక విండోస్ భద్రతా నవీకరణ పాత లినక్సు బూట్ లోడర్లను నిరాకరించడంతో, పలు ద్వంద్వ బూటు కంప్యూటర్లలో లినక్సు ప్రారంభం కాలేదు.

గడియారంలో తేడా

విండోస్ కంప్యూటరు గడియారాన్ని స్థానిక సమయంగా, లినక్సు సాధారణంగా ప్రపంచ ప్రామాణిక సమయంగా పరిగణిస్తాయి. అందుచేత భారతదేశంలో లినక్సు వాడిన తరువాత విండోస్ తెరిస్తే సమయం 5 గంటల 30 నిమిషాలు వెనుకబడి కనిపించవచ్చు. ఇది బ్యాటరీ లోపం కాదు. రెండు సిస్టములను ఒకే పద్ధతికి మార్చాలి.

పునరుద్ధరణ, జాగ్రత్తలు

* ఎంబీఆర్ చెరిగినచో విండోస్ స్థాపన డిస్కులోని మరమ్మతు సాధనంతో విండోస్ బూటును, లినక్సు లైవ్ సీడీ లేదా యూఎస్‌బీ ద్వారా గ్రబ్‌ను తిరిగి వ్రాయవచ్చు.
* విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయాలి. లేనిచో విండోస్ పూర్తిగా మూతపడదు. ఆ స్థితిలో లినక్సు నుండి విండోస్ విభాగంలో వ్రాస్తే సమాచారం దెబ్బతినవచ్చు.
* బిట్‌లాకర్ ఉన్నచో బూటు మార్పుల తరువాత 48 అంకెల పునరుద్ధరణ కీ అడగవచ్చు. దానిని ముందే వేరొకచోట వ్రాసి ఉంచుకోవాలి.
* విభాగాలను మార్చుటకు ముందు ముఖ్యమైన ఫైళ్ళ నకలును మరొక డిస్కులో భద్రపరచాలి. బూటు సమాచారాన్ని తిరిగి నిర్మించవచ్చు గాని, నకలు లేని ఫైళ్ళు పోతే తిరిగి రాకపోవచ్చు.